జొన్న కొయ్యల పొగ

హైదరాబాదులో నీ ఉద్యోగం ఏమిటని ఊళ్లో ఎవరైనా అడిగితే, పొగకు పుట్టినిల్లు వెతికే పని అని చెప్పేదాన్ని. నవ్వేవాళ్లు. నేను మాత్రం నిజమే చెప్పేదాన్ని. నగరంలో కూడళ్ల దగ్గర గాలిని పంపుతో లాగి, తెల్లటి గాజునార బిళ్ల మీద మసి పట్టేవాళ్లం. ఆ మసిలోని కార్బన్ ఏ బండి గొట్టంలో పుట్టిందో, ఏ పొయ్యిలో పుట్టిందో తేల్చడం నా పని. కార్బన్‌లో తేలిక రకం ఒకటి, కాస్త బరువు రకం ఒకటి ఉంటాయి. ఈ రెండూ ఎన్నేళ్లయినా ఒకటి ఇంకొకటిగా మారవు. డీజిల్‌లో వాటి పాళ్లు ఒక తీరుగా ఉంటాయి, బొగ్గులో ఇంకో తీరుగా ఉంటాయి. కాలి మసైనా ఆ తీరు పెద్దగా చెడదు. కొలిచి చూస్తే ఆ మసి ఎవరి సంతానమో చాలావరకు తెలుస్తుంది.

మాది జమ్మలమడుగు. తాతల కాలంలో గొర్రెలు కాసుకునే సంసారం. నాన్న కాలానికి గొర్రెలు తగ్గి, ముద్దనూరు దారిలో కొంత సేద్యం మొదలైంది. నేను చదువుకుని ప్రయోగశాలలో పడ్డాను. పండక్కీ పబ్బానికీ ఊరు పోవడం తప్ప, నా చదువుకూ నా ఊరికీ ఎప్పుడైనా సంబంధం కలుస్తుందని నేను అనుకోలేదు. ఒకరోజు అమ్మ ఫోన్‌లో, "అత్త బట్టీ మూపిస్తారంట పాపా" అంది.

అత్త అంటే మాకు చుట్టం కాదు. మా వీధి చివర బొరుగుల బట్టీ నడిపే దూదేకుల ఇంటి ఆడమనిషి. భర్త కువైట్‌లో డ్రైవరు. వాళ్లత్త చేతుల మీదుగా వచ్చిన బట్టీని ఈమె ఒక్కతే నడుపుకొస్తోంది. చిన్నప్పుడు బడి వదలగానే పుస్తకాల సంచితో ఆ రేకుల కొట్టంలోకి దూరేదాన్ని. ఉప్పునీళ్లు పట్టించిన బియ్యాన్ని కాగే ఇసుకలో వేసి, ఒక్క తిప్పు తిప్పగానే బొరుగులు తెల్లగా పొంగి పైకి తేలేవి. జల్లెడలో ఇసుక రాల్చి, ఇంకా చురచురలాడుతున్న బొరుగులు నా గౌను ఒళ్లో పోసేది అత్త. మా వీధిలో పొద్దున్నే బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసుకునే ప్రతి ఇంటికీ బొరుగులు అక్కడివే.

ఇప్పుడు ఆ బట్టీ మూయమని ఎందుకంటున్నారంటే, దాని ఎదురుగా చిన్నపిల్లల బడి ఉంది. బడి గోడలు మసి పట్టి నల్లబడ్డాయి. పిల్లలు దగ్గుతున్నారు. పొగ ఎక్కడిదని అడిగితే, కళ్లెదుట పొగగొట్టం ఉన్నది బట్టీకే కదా, అందరూ దానివైపే వేలు చూపించారు. మొదట వేలు చూపించింది బడికి అవతలి పక్క, వాకిట్లో ఎప్పుడూ జీపులుండే ఇంటి నాయకుడు, ఊరంతా పెద్దాయన అనే మనిషి. అప్పట్లో ఆయన పార్టీదే అధికారం. మున్సిపాలిటీ మనిషి వచ్చి నెలాఖరుకల్లా పొయ్యి ఆర్పేయమని నోటిమాటగా చెప్పి పోయాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. అంతకు ముందు ఎన్నికల్లో అవతలి పార్టీ వాళ్లు తమ మీటింగుకు బస్తాలకు బస్తాలు బొరుగులు అత్త దగ్గర కొన్నారు. ఎవరొచ్చి అడిగినా అమ్మడం ఆమె బతుకుతెరువు. కానీ ఆ రోజుల్లో మా ఊళ్లో మంగలి కొట్టుకూ, టీ అంగడికీ, చివరికి నీళ్ల కుళాయికీ కూడా పార్టీ ఉండేది. ఆ బస్తాలు బండికెక్కిన రోజు నుంచి అది అవతలోళ్ల బట్టీ అయిపోయింది. అమ్మ మాట విన్నాక నాకు ఒళ్లు మండిపోయింది. సరిగ్గా అప్పుడే మా ప్రయోగశాలలో, నగరపు గాలితో పోల్చి చూడటానికి చిన్న ఊరి గాలి కూడా కావాలని మాట వచ్చింది. మా ఊరు ఉందని ఎవరూ అడగకముందే చెప్పేశాను.

పంపూ, బిళ్లల డబ్బా సర్దుకుని బస్సెక్కాను. దారంతా మనసులో పెద్దాయనతో పోట్లాడుతూనే ఉన్నాను. ముద్దనూరు దాటాక గానీ నాకు అసలు చిక్కు తట్టలేదు. అత్త పొయ్యిలో మండేది శెనక్కాయ పొట్టు. వేరుశనగ, వరి, కంది లాంటి మొక్కలన్నీ గాలిలోని బరువు కార్బన్‌ను తక్కువగా తీసుకుంటాయి. ఎప్పుడో సముద్రంలో బతికిన జీవుల్లోంచి పుట్టిన డీజిల్ కూడా ఇంచుమించు అదే పాళ్లలో ఉంటుంది. అంటే శెనక్కాయ పొట్టు పొగనూ పెద్దాయన వాకిట్లోని జీపు పొగనూ పక్కపక్కన పెడితే నా యంత్రం రెంటికీ ఒకే మొహం చూపిస్తుంది. అత్తను కాపాడాలని బయల్దేరిన దాన్ని, అత్తనూ జీపునూ విడదీయలేని తెలివితేటలతో ఊరికి పోతున్నాను. దిగేసరికి నీరసం వచ్చింది.

ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మ జొన్నరొట్టె పెట్టింది. సగం తిన్నాక చేయి ఆగిపోయింది. జొన్న, సజ్జ, కొర్ర, చెరకు, వీటి దారి వేరు. ఎండను తట్టుకోవడానికి అవి ఊపిరి పీల్చే పద్ధతే వేరు. వాటిలో బరువు కార్బన్ ఎక్కువ. జొన్న మసి బిళ్ల మీద పడితే నా యంత్రం దాన్ని ఎంతమందిలోనైనా గుర్తుపడుతుంది. అత్త ఒక వారం మామూలుగా శెనక్కాయ పొట్టు మండించి, ఇంకో వారం పూర్తిగా జొన్న మండిస్తే, రెండు వారాల బిళ్లల మధ్య వచ్చే తేడాయే అత్త పొగ. తేడా పెద్దదైతే బడి గోడ మీది మసి అత్తది. తేడా లేకపోతే కాదు.

"జొన్న చొప్ప కావాల నాయనా" అన్నాను నాన్నతో.

"ఏం జేస్తావు?"

"బట్టీలో మండించాల."

నాన్న రొట్టె పక్కన పెట్టాడు. "చొప్ప మండిస్తావా? ఎనుములు తినేది పొయ్యిలో పెడతావా? సదువుకోని మతి పోయిందే నీకు?" అన్నాడు. కరువు సీమలో పశువు నోటి దగ్గరది తీసి మంటలో వేయడం ఎంత పాపమో నాకు తెలియక కాదు. ఆవేశంలో అనేశాను. కాసేపటికి ఆయనే, కోత అయిపోయాక చేలో మిగిలిన కొయ్యలు ఉన్నాయనీ, వాటిని పశువు ముట్టదనీ, కావాలంటే తవ్వించి బండి మీద వేసి పంపుతాననీ చెప్పాడు. మొక్క అడుగు భాగం, వేళ్ల ముద్ద, జానెడు కాడ. అదీ జొన్నే కదా, నాకు చాలు.

పొద్దున్నే అత్త దగ్గరికి పోయాను. నన్ను చూసి, "ఎప్పుడొస్తివి పాపా? శానా సిక్కిపోతివే" అంటూ కొంగుతో పీట తుడిచింది. నేను పీట మీద కూర్చుని సంగతి చెప్పాను. కార్బన్ గురించి చెప్పినప్పుడు ఊ కొట్టింది గానీ, జొన్న కొయ్యలనేసరికి చేతిలో గరిటె ఆగిపోయింది.

"అయ్యి సర్రుమని మండి సప్పున ఆరిపోతాయి పాపా. ఇసక ఒగసారి మాడ్తాది, ఒగసారి సల్లబడ్తాది. బొరుగు పొంగదు. సగం పలుకులే మిగుల్తాయి."

"ఒక్క వారమే అత్తా."

ఆమె గరిటెతో ఇసుకను ఒకసారి కలిపింది. తర్వాత నెమ్మదిగా, "నా పొగే అని తేల్తే?" అంది.

ఆ మాట అడుగుతుందని నేను అనుకోలేదు. కోపంలో ఉన్న మనిషికి తన పక్షం ఓడిపోవచ్చని తోచదు. ఆమే చెప్పింది. "నా పొగే అయితే నేనే ఆర్పేస్తాలే. పిలకాయల గొంతులో మసి పోసి దుడ్లు తీసుకునేదాన్ని గాదు నేను. ఉండేది ఉన్నెట్ల జెప్పు. నా మొగం జూసి అబద్ధం మాత్తరం జెప్పగాకు." అప్పటిదాకా నేను అత్త తరఫున సాక్ష్యం సంపాదించడానికి వచ్చాననుకున్నాను. ఆ మాటతో, సాక్ష్యం ఎటు పోయినా చెప్పక తప్పదని తెలిసింది.

పంపు పెట్టడానికి బడి మిద్దె కావాలి. పంతులమ్మ, "పెద్దాయన్ను ఒక మాట అడుగు తల్లీ" అంది. బడి ఆయనది కాదు, మిద్దె ఆయనది కాదు, అయినా అడగాలి. పోయాను. వాకిట్లో ఎప్పటిలాగే జీపులు. ఆయన వసారాలో కుర్చీ మీద, వీపు గోడకు ఆనించి, గేటు కనిపించేటట్టు కూర్చుని ఉన్నాడు. వయసు మీద పడింది. నేను చిన్నప్పుడు భయపడి చూసిన మనిషి ఇంత చిన్నగా ఉంటాడని అనుకోలేదు.

"ఆ మిషను ఎవుర్ది?" అని పక్కనున్న కుర్రాళ్లు అడిగారు. ప్రభుత్వానిది అన్నాను. "గవర్మెంటులో ఎవురి తరపు?" అన్నారు. గాలికి కూడా తరఫు ఉంటుందా అని నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను. పెద్దాయన చెయ్యెత్తి వాళ్లను ఆపాడు.

"పెట్టుకోమ్మా. నా మనవడు గూడా ఆ బడికే పోతాండాడు. వాడు గూడా రాత్రిళ్లు దగ్గుతాండాడు. యాడిదో తేల్సు" అన్నాడు. ఆ మాటలో కపటం ఏమీ కనిపించలేదు. బట్టీయే కారణమని ఆయన నిజంగానే నమ్ముతున్నాడు. నేను తెచ్చుకున్న కోపం ఎక్కడ పెట్టాలో తెలియక బయటికి వచ్చాను.

మిద్దె మీద పంపు బిగించాక కరెంటు సంగతి తెలిసొచ్చింది. గంట ఉంటే గంట పోతుంది. జనరేటరు పెడితే దాని డీజిల్ పొగే బిళ్ల మీదికి వస్తుంది. లారీ బ్యాటరీలు కావాలి, అవి ప్రొద్దుటూరులో దొరుకుతాయి. పెద్దాయన తన జీపు పంపించాడు. డ్రైవరు నడివయసు మనిషి, మాట నెమ్మది. ప్రొద్దుటూరులో అంగడి ముందు నేను బేరం చేసి, బ్యాటరీలు ఎక్కించి, టీ తాగి వచ్చేదాకా ఆ జీపు ఇంజన్ నడుస్తూనే ఉంది. నాకది కొత్త కాదు. మా ఊళ్లో నాయకుల జీపులు ఆగి ఉన్నా గుర్రుగుర్రుమంటూనే ఉంటాయి. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడు విని విని మాకు వినిపించడం మానేసింది. హైదరాబాదులో కూడళ్ల దగ్గర నిలబడి ఆగిన బండ్ల పొగ కొలిచి వచ్చాను కాబట్టి ఆ రోజు మొదటిసారి చెవిన పడింది.

"ఎందుకప్పా ఆపవు? డీజిల్ దండగ గదా" అన్నాను.

"పెద్దాయన తమ్ముణ్ణి ఎరుగుదువా నువ్వు? నీకు తెల్సుండదులే, సిన్నపిల్లవి" అన్నాడు డ్రైవరు. "వేంపల్లె పోయి వస్తా దోవలో టీకని ఆపినారు. డ్రైవరు బండి ఆఫ్ చేసినాడు. అవతలోళ్లు వచ్చినారు. బండి స్టార్ట్ గాలేదు. అంతే. ఆ పొద్దు నుంచి మా బండ్లు ఆపం. పెద్దాయన ఇంట్లో ఉన్నెంతసేపూ వాకిట్లో ఒగ బండి నడస్తానే ఉండాల. చప్పుడు ఇనపడకపోతే ఆయప్పకు కూడు గూడా సయించదు." చెప్పి, గేరు వేశాడు.

మొదటి వారం శెనక్కాయ పొట్టు. రోజూ పొద్దున మిద్దెక్కి, నల్లబడిన బిళ్ల తీసి, రేకు కాగితంలో చుట్టి, ఐసు డబ్బాలో పెట్టి, కొత్త తెల్ల బిళ్ల అమర్చేదాన్ని. కింద పిల్లలు దగ్గుతూ ప్రార్థన చేసేవాళ్లు. రెండో వారం నాన్న పంపిన కొయ్యలు బండ్ల మీద దిగాయి. అత్త చెప్పినట్టే అయింది. పొయ్యి ముందు కూర్చుని మంటను బతిమాలుతూ, తిడుతూ, ఒక్కో పిడికెడు కొయ్యలు తోస్తూ చెమటలు కక్కింది. బొరుగులు చిన్నవిగా, గట్టిగా వచ్చాయి. కొనేవాళ్లు సణిగారు. ఆమె ఎవరికీ కారణం చెప్పలేదు, పొట్టు మాత్రం ఒక్క గుప్పెడు కూడా కలపలేదు. నేను చాటుగా చూశాను కాబట్టి చెప్తున్నాను. నాకు సిగ్గేసింది గానీ, చూడకపోతే నా లెక్కకు విలువ ఉండదు.

ఆ రెండో వారంలోనే పులివెందులలో పెద్దాయన పార్టీ మీటింగు పడింది. పెద్దాయన జీపులన్నీ తెల్లారకముందే ముద్దనూరు మీదుగా కదిలిపోయాయి. వీధి వీధంతా బోసిపోయింది. అత్త బట్టీ మాత్రం మామూలుగా నడిచింది. గాలి కూడా రోజూ వీచినట్టే గండికోట వైపు నుంచి వీచింది. మరుసటి రోజు నేను తీసిన బిళ్ల లేత బూడిద రంగులో ఉంది. నేను దాన్ని వెలుతురుకు పట్టి చూస్తూ ఉంటే పెద్దాయన కుర్రాళ్లు ముగ్గురు మెట్లెక్కి వచ్చారు.

"మీటింగు పొద్దుది ఇదేనా?" అన్నాడు ఒకడు.

"ఇదే."

"ఏంది ఇంత తెల్లగుండాది? ఊరూరి నుంచి ఎన్ని బండ్లు పోయినాయో ఎరుగుదువా? నీ మిషను అవతలోళ్ల మీటింగప్పుడైతే నల్లగా జూపిస్తాదా?"

బిళ్ల ఎంత నల్లగా ఉంటే తమ పార్టీకి అంత బలమని వాళ్లు లెక్క కట్టుకున్నారు. ఫోటో తీయించి పార్టీ ఆఫీసులో పెట్టించాలని కూడా అనుకున్నారట. బండ్లు పులివెందులలో ఉంటే జమ్మలమడుగు మిద్దె మీద మసి ఎలా పడుతుందప్పా అని నవ్వాపుకుంటూ చెప్పాను. వాళ్లకు నచ్చలేదు. మరుసటి రోజు జీపులు తిరిగొచ్చాక తీసిన నల్లటి బిళ్ల చూపిస్తే మాత్రం మొహాలు విప్పారాయి. "ఆఁ, ఇదీ మా లెక్క!" అన్నాడొకడు. తమ మీద తామే సాక్ష్యం చెప్పుకుని సంబరంగా మెట్లు దిగిపోయారు.

హైదరాబాదుకు తిరిగొచ్చి బిళ్లలన్నీ ముక్కలు కోసి, ఒక్కోటి మండించి, యంత్రంలోకి పంపాను. ఎన్నో కూడళ్ల మసి కొలిచాను గానీ, అంకె తెర మీదికి రాకముందు కళ్లు మూసుకోవడం అదే మొదలు. నెలాఖరు దగ్గర పడుతోంది. జొన్న వారం బిళ్లల్లో బరువు కార్బన్ పెరిగితే బట్టీ ఆరిపోతుంది. ఆర్పించేది నేనే అవుతాను.

పెరగలేదు. శెనక్కాయ వారానికీ జొన్న వారానికీ తేడా ఉందీ లేదన్నట్టు ఉంది. ఒక్క పులివెందుల రోజు బిళ్ల మీద మాత్రం జొన్న జాడ స్పష్టంగా కనిపించింది. పడిన మసే కొంచెం, అందులో అత్త వాటా తెలిసింది. అంటే అత్త పొగ బడి మీద అసలు పడటం లేదని కాదు. పడుతోంది, కానీ రోజూ పడే దాని ముందు అది చెప్పుకోదగ్గది కాదు. మిగిలింది జీపులదేనని కార్బన్ ఒక్కటే చెప్పలేదు. ఒక్క రోజు చూసి తీర్పు ఇవ్వకూడదని కూడా మాకు నేర్పారు. కానీ జీపులు పోయిన రోజు మసి తగ్గి, తిరిగొచ్చిన రోజు పెరిగింది. మధ్యలో బట్టీ ఆగలేదు. ఇంతకన్నా తేటగా చెప్పమని గాలిని అడగలేం. నేను బాత్‌రూములోకి పోయి మొహం కడుక్కుని కాసేపు ఏడ్చాను.

నెలాఖరుకు ముందే ఊరు చేరి, నేనూ అత్తా కలిసి పెద్దాయన ఇంటికి పోయాం. అత్త తలనిండా కొంగు కప్పుకుని వచ్చి వసారా మెట్టు మీద కూర్చుంది. గేటు దగ్గర జీపు నడుస్తూ ఉంది. ఆ చప్పుడులో నేను గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. జొన్న సంగతి, రెండు వారాల సంగతి, పులివెందుల రోజు సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పాను. కుర్రాళ్లు మొహాలు చూసుకున్నారు. పెద్దాయన చివరిదాకా విన్నాడు.

"అంటే నా బండ్లంటావు" అన్నాడు.

"అవును పెద్దాయనా."

ఆయన చాలాసేపు గేటు వైపే చూశాడు. తర్వాత కుర్రాళ్లతో, "బట్టీ పక్కకు ఎవురూ పోగాకండి. మున్సిపాల్టీ వాళ్లకు నేను జెప్తా" అన్నాడు. అంతే. అత్త బట్టీ నిలబడింది. నాకు గుండెల మీది బరువు దిగిపోయింది. లేచి దండం పెట్టాను, పోదామన్నట్టు అత్త భుజం తట్టాను. ఆమె లేవలేదు.

"మామా, పిలకాయల సంగతేంది?" అంది.

ఒక కుర్రాడు పోయి గేటు గడియ సర్దసాగాడు.

"నా పొయ్యి గాదని తేల్తే దగ్గు నిలిచిపోయిందా? నీ మనవడు నిన్న గూడా దగ్గుతానే పోతాండె బడికి. దోషం నా మీదున్నెంతసేపూ ఊరంతా పిలకాయలు, పిలకాయలు అంటిరి. ఇప్పుడు ఎవురూ నోరు తెరవరే?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. నేను కూడా లేచి పోతున్న దాన్నే కదా. కుర్రాళ్లలో ఒకడు ఏదో అనబోయాడు. పెద్దాయన వాణ్ణి చూడకుండానే డ్రైవరును కేకేశాడు. "బండి ఆపు" అన్నాడు.

డ్రైవరు వినలేదేమో అనుకున్నాను. విన్నాడు గానీ నమ్మలేదు. రెండోసారి చెప్పాక తాళంచెవి తిప్పాడు. వీధి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. గోడకు అవతల బడిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. ఒకటి రెండు గొంతులు దగ్గుతో తెగి, మళ్లీ అందుకుంటున్నాయి. ఇన్నేళ్లు పక్కనే ఉండి ఆయన అది విన్నట్టు లేదు. చెవి అటు పెట్టి, మనవడి గొంతు కోసం కాబోలు, చిన్నగా నవ్వాడు. అంతలో వీధి చివర ఏదో మోటారు సైకిలు మలుపు తిరిగింది. ఆయన నవ్వు పోయింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని సగం లేచాడు. మోటారు సైకిలు వెళ్లిపోయింది. ఆయన మళ్లీ కూర్చోలేదు.

"స్టార్ట్ చెయ్" అన్నాడు. డ్రైవరు వైపు చెయ్యి విసిరాడు. "స్టార్ట్ చెయ్ రా!"

డ్రైవరు తాళం తిప్పాడు. ఇంజన్ మూలిగి ఆగిపోయింది. ఆ ఒక్క క్షణం ఆయన మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను. మళ్లీ తిప్పితే అందుకుంది. పెద్దాయన కుర్చీలో కూలబడి కళ్లు మూసుకున్నాడు. నాకు జాలి, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. పిల్లల సంగతి ఎత్తబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీలే మామా, బెదురుకోగాకు" అంది ఆమె. చంటిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడింది. "నేనొగ మాట జెప్తా ఇను. బడి ఉన్నెంతసేపూ వచ్చి మా బట్టీలో కూసో. ఎనక పక్క తలుపుండాది. బండి ఆపేసి ఆ సందులో పెట్టించుకో. అది అవతలోళ్ల బట్టీ అని నువ్వే గదా ఊరంతా జెప్పింది. నువ్వు ఆడ ఉండావని నిన్ను సంపేటోళ్లకు గూడా తోసదు."

డ్రైవరు ఫక్కున నవ్వి, నోరు మూసుకున్నాడు. పెద్దాయన కళ్లు తెరవలేదు. మేం వచ్చేశాం. దారిలో అత్త మీద విసుక్కున్నాను. నిన్ను రోడ్డున పడేయబోయిన మనిషిని ఇంట్లోకి పిలుస్తావా అన్నాను. "ఆయప్ప నిద్రబోయి ఎన్నేండ్లయిందో పాపా, ఆ కండ్లు సూడలేదా నువ్వు?" అంది.

మరుసటి రోజు బడి గంట కొట్టే వేళకు నేను బట్టీలోనే ఉన్నాను, హైదరాబాదుకు తీసుకుపోవడానికి బొరుగులు కట్టించుకుంటూ. అత్త మళ్లీ శెనక్కాయ పొట్టు వేసింది, బొరుగులు మల్లెల్లా పొంగుతున్నాయి. వెనక తలుపు కిర్రుమంది. తలకు తువాలు చుట్టుకుని పెద్దాయన ఒక్కడే లోపలికి వంగి వచ్చాడు. సందులో జీపు గుర్రుమంటోంది. ఆయన పొయ్యినీ, బస్తాలనూ, నన్నూ, అత్తనూ చూసి, కొత్త ఇంటికి వచ్చిన మనిషిలా నిలబడిపోయాడు.

"యాడ కూసోవాల మ్మే?" అన్నాడు.

అత్త గరిటె వదలకుండానే కాలితో ఒక బస్తా పక్కకు జరిపింది. ఆయన గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత సందు వైపు తిరిగి, బండి ఆపమని తనే కేకేశాడు.